ఎర్రసిరా కింద సంతకం

ఆ ఇంట్లో కూతురి చదువు విషయంలో తండ్రి చేసే పని ఒకే ఒక్కటి. ఆ పనిని మాత్రం ఆయన ఏనాడూ మరచిపోలేదు. సాయంత్రం టీవీలో వార్తలు మొదలవగానే కూతురు డైరీ తెచ్చి ఒళ్ళో పెడుతుంది. ఆయన కళ్ళు వార్తల మీదే ఉంటాయి. చెయ్యి మాత్రం పెన్ను మూత తీసి, పుట అడుగున ‘తండ్రి సంతకం’ అని అచ్చువేసిన గడిని తనంతట తనే వెతుక్కుని, అందమైన సంతకం ఒకటి చేసేస్తుంది. మొదటి అక్షరం గుండ్రంగా తిరిగి, చివరి అక్షరం తోకలా సాగి, కింద రెండు చుక్కలతో ఆగుతుంది. కరెంటాఫీసులో గుమాస్తా కదా, సంతకాల్లో చెయ్యి తిరిగినవాడు. "చూశావా, ఎంత పనున్నా పిల్ల చదువు మాత్రం నేను పట్టించుకోకుండా ఉండను," అంటాడు అప్పుడప్పుడు. అది అబద్ధమని ఆయనకే తెలియదు. అందుకే ఆయన మీద కోపం కూడా తిన్నగా రాదు.

ఆ సంతకానికి ముందు జరిగేదంతా ఆయన భార్య పని. ఆమె ఆ ఊళ్ళో ప్రభుత్వ బడి టీచరు. పాలవాడి నుంచి పోస్టుమాస్టరు దాకా ఊరంతా ఆమెను టీచరనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం ‘ఏమోయ్’, ‘అమ్మాయ్’, ‘అమ్మా’. ఈ మూడు పిలుపులూ ఒక్కసారే వినబడే వేళ ఒకటుంది. అది సాయంత్రం ఆరు గంటలు.

పొద్దున్న ఐదుకే లేచి నలుగురికీ వంట చేసి, డబ్బాలు సర్ది, అత్తగారి మాత్రలు పూటవారీగా విడదీసి పెట్టి ఆమె బడికి వెళ్తుంది. బడిలో ఐదు తరగతులు, రెండు గదులు, ఇద్దరు టీచర్లు. ఆ ఇద్దరిలో ఒకరైన హెడ్మాస్టరు నెలలో సగం రోజులు మీటింగుల్లోనే ఉంటాడు కాబట్టి ఐదు తరగతులూ ఆమెవే. నాలుగున్నరకు ఇంటికొస్తే మళ్ళీ పొయ్యి. ఆరింటికి వంటింటి గుమ్మం పక్కన చిన్న బల్ల వేసుకుని కూతురు కూర్చుంటుంది. ఆ పిల్ల నాలుగో తరగతి. చదివేది అమ్మ బడిలో కాదు, ఊరి చివర ఉన్న కొత్త బడిలో. పసుపు వ్యాను, మెడలో టై, కాళ్ళకు నల్లబూట్లు. ఆ బడివాళ్ళు పగలంతా పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టి, చదువు మాత్రం సంచిలో పెట్టి ఇంటికి పంపిస్తారు. కూర కలుపుతూ లెక్కలు, గిన్నెలు తోముతూ ఎక్కాలు, బట్టలు మడతపెడుతూ డిక్టేషను. ఎనిమిదిన్నర దాకా ఇదే వరస. మధ్యలో ఒకసారి పొయ్యి మీద ఏదో మాడుతుంది, ఒకసారి పిల్ల ఏడుస్తుంది, ఒకసారి అత్తగారు నీళ్ళడుగుతుంది.

"నీకిదో లెక్కా? టీచరువే కదా," అంటాడు భర్త.

"ఊరి పిల్లలకి చెప్తే జీతమిస్తారు, బాగానే ఉంది. సొంత పిల్లకి చెప్పడానిక్కూడా అలసిపోయానంటే ఎలా అమ్మాయ్?" అంటుంది అత్తగారు.

పిల్లను కొత్త బడిలో వేసినప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. దరఖాస్తు నింపుకుని వచ్చాకే చెప్పారు. "నేను చెప్పే బడి రెండు వీధుల అవతలే ఉంది కదండీ," అని మాత్రం అనగలిగింది. ఆయన నవ్వాడు. "నువ్వు చెప్పే బడి కాబట్టే కదా, అక్కడికి ఎవరి పిల్లలొస్తారో నాకు తెలుసు. మా ఆఫీసులో అటెండరు పిల్లలు కూడా వ్యానులోనే వెళ్తున్నారు. నలుగురూ నవ్వుతారు." పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! ఆమె నోరు మూసుకుంది. బాధాకరమైన సంగతేమిటంటే, ఆ రోజు ఆ మాటను ఆమె కూడా సగం నమ్మింది. తన బడి తన కూతురికి చాలదేమోనని తనకే అనిపించింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆమెకు సిగ్గుగా ఉంటుంది.

మూడో తరగతిలో పిల్ల బడికంతటికీ ఫస్టు వచ్చింది. కొత్త బడివాళ్ళు నాలుగు రోడ్ల కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. అందులో కూతురు రెండు జడలతో, ముందు పళ్ళు రెండు లేకుండా నవ్వుతూ ఉంటుంది. కింద ‘మా బడి ఆణిముత్యం’ అని పెద్ద అక్షరాలు. స్టేజీ మీద సన్మానానికి తండ్రిని పిలిచారు. ఆయన మైకు ముందు క్రమశిక్షణ గురించి ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఆమె మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఏమిటో ఆవేళ ఆమెకు బాగా తెలిసింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఆ ఫ్లెక్సీ చూసి ఆమె బడి నుంచి పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆమె చేరిన కొత్తలో తొంభై మంది ఉండేవారు. ఈ ఏడు బడి తెరిచేసరికి పదిహేడు మంది. నెలాఖరులోగా ఇరవై మంది లేకపోతే బడి మూసేసి, పిల్లల్ని పెద్దరోడ్డు అవతల బడిలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఆ బడికి మూడు కిలోమీటర్లు. దారంతా లారీలు. వ్యాను ఎక్కలేని పిల్లలే కదా ఈమె దగ్గర మిగిలింది! వాళ్ళలో ఆడపిల్లలు ఆ రోడ్డు దాటి బడికి వెళ్ళరు. అమ్మలతో పాటు పనిలోకి వెళ్తారు. ఇది ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. వాళ్ళ పేర్లు కూడా వరసగా చెప్పగలదు.

అలాగని ఆ బడిలో చదువు లేదా అంటే, ఉంది. పోయిన ఏడు పై అధికారి ఒకాయన వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివించాడు. అప్పుడున్న ఇరవై ఆరు మందిలో ఇరవై రెండు మంది తడుముకోకుండా చదివారు. ఆయన నమ్మలేక వేరే పుస్తకం తెప్పించి మళ్ళీ చదివించాడు. అప్పుడూ చదివారు. ‘బాగుంది’ అని ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్ళాడు. ఆ కాగితం హెడ్మాస్టరు బీరువాలో ఉంది. దానికెవరూ ఫ్లెక్సీ కట్టలేదు.

పిల్లల్ని చేర్పించమని ఊళ్ళో బ్యానరు కట్టాలనీ, ఇల్లిల్లూ తిరగాలనీ కూడా కాగితంలో ఉంది. హెడ్మాస్టరుకు మోకాళ్ళ నొప్పులు. బడి ఊడ్చే ఆయమ్మ, టీచరు, ఒక స్టూలు, ఒక బ్యానరు కలిసి కూడలికి చేరాయి. కట్టడానికి ఒకే ఒక్క స్తంభం మీద కాస్త చోటు మిగిలింది. దాని పైసగంలో కూతురి ఫ్లెక్సీ ఉంది.

ఆయమ్మ స్టూలెక్కి, తాడు పళ్ళతో పట్టుకుని, పైకీ కిందకీ చూసింది. "పాప మొహానికి అడ్డం కట్టమంటారా టీచరమ్మా, కాళ్ళ కింద కట్టమంటారా?"

"కాళ్ళ కిందే కట్టు."

"కడతాన్లెండి. చూసినోళ్ళు మాత్రం మన బడి బ్యానరు పాప తొక్కుతోందనుకుంటారు," అని ఆయమ్మ నవ్వేసి, టీచరు మొహం చూసి గబుక్కున నవ్వు ఆపేసింది. "ఊరికే అన్నానమ్మా."

ఊరికే అన్నా నిజమే అంది. ఎండలో స్టూలు పట్టుకుని నిలబడిన టీచరుకు అప్పుడు తట్టింది, కొత్త బడి తనతో పోటీ పడడం లేదని. ఆ పిల్లకు ఎక్కాలు నేర్పింది తను. చేతిరాత దిద్దింది తను. ఫొటో రోజున ఆ జడలు వేసింది కూడా తనే. పగలు తను నిలబెట్టే బడిని సాయంత్రం తన చేతులే కూలుస్తున్నాయి. తనతో తనే పోటీ పడి, రోజూ తనే ఓడిపోతోంది.

ఇల్లిల్లూ తిరగాలంటే సాయంత్రాలే తిరగాలి, అమ్మలు పనుల నుంచి వచ్చేది అప్పుడే. "ఈ ఐదు రోజులూ పిల్ల హోంవర్కు మీరు చూడాలండీ," అంది భర్తతో.

"ఓస్, అదెంత పని!" అన్నాడు ఆయన. నిజంగానే అలా అనుకున్నాడు.

ఆమె ఐదు సాయంత్రాలు తిరిగింది. కొందరు కుర్చీ వేశారు, కొందరు గుమ్మంలోనే మాట్లాడి పంపించేశారు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న, దానికి ఆమె నీళ్ళు నమలడం. "మీ అమ్మాయి ఎక్కడ చదువుతోంది టీచరమ్మా?" పిల్లల వివరాల ఫారంలో తన ఇంటి వరస కూడా తనే నింపాలి. ప్రభుత్వ బడికి పంపకపోవడానికి కారణం రాయమని చివర ఒక గడి. మూడేళ్ళుగా ఆ గడిలో ఆమె ‘దూరం’ అని రాస్తోంది. రెండు వీధుల దూరం! ఈ ఏడు ఆ గడిని ఖాళీగా వదిలేసింది.

ఐదో సాయంత్రం చివరి ఇల్లు కుట్టుమిషను ఆమెది. భర్త ఊళ్ళు తిరిగే పనిలో ఉంటాడు, ఇంట్లో ఆమె, కూతురు, మిషను. ఆ కూతురు టీచరుకు ప్రాణం. గట్టిగా చదివితే వీధి చివరికి వినబడేది. అందుకే టీచరు దానికి గంట అని ముద్దుపేరు పెట్టింది. రెండో తరగతిలోనే ఐదో తరగతి పుస్తకం చదివేసేది. పోయిన ఏడు సెలవుల ముందు దాన్ని కూడా కొత్త బడిలో వేశారు.

"రండి టీచరమ్మా," అని కుట్టుమిషనామె బల్ల మీది గుడ్డముక్కలు తోసి చోటు చేసింది. గంట మూలన కూర్చుని పుస్తకం చూస్తోంది. దాని గౌను కొత్త బడి గుడ్డే గాని, చారలు కలవలేదు. మిగిలిన ముక్కలతో వాళ్ళమ్మే కుట్టినట్టుంది.

"ఏదీ, ఒక పేజీ చదువు గంటా," అంది టీచరు.

పిల్ల పెదవులు కదిలాయి. గొంతు రాలేదు.

"అక్కడ గట్టిగా చదవకూడదట టీచరమ్మా, క్రమశిక్షణట," అంది తల్లి గర్వంగా. "కానీ బాగా చదువుతోంది. రోజూ డైరీలో రాస్తున్నారు. మిగతా పిల్లలకి నీలం సిరాతో రాస్తారట, దీనికి మాత్రం ఎర్రసిరా. నేనూ రోజూ సంతకం పెడుతున్నాను. వాళ్ళ నాన్న లేడుగా, నన్నే పెట్టమన్నారు. సంతకం ఇదే నేర్పింది." ఆమె డైరీ తెచ్చి రెండు చేతులతో అందించింది. "ఒకసారి చదివి చెప్పండి. దీన్నడిగితే చెప్పదు. సిగ్గు."

టీచరు పుట తిప్పింది. ‘ఇంట్లో శ్రద్ధ తీసుకోండి.’ ఇంకో పుట. ‘హోంవర్కు చేయలేదు. ఇంట్లో చదివించండి.’ ఇంకో పుట. ‘ఇంట్లో శ్రద్ధ తీసుకోండి.’ ప్రతి ఎర్ర వాక్యం కిందా వణుకుతూ కష్టపడి రాసిన మూడక్షరాల సంతకం. ఒక్కో అక్షరానికి ఎంతసేపు పట్టిందో చూస్తేనే తెలుస్తోంది. మూలనున్న గంట తలెత్తి టీచరు వైపు చూసింది. చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలింది.

అబద్ధం చెప్పడం ఎంత తేలికో! ‘వెరీ గుడ్ అని రాశారు’ అంటే చాలు, ఆ తల్లి ఈ పూట అన్నం తృప్తిగా తింటుంది. కానీ రేపు మళ్ళీ సంతకం పెడుతుంది, ఎల్లుండి కూడా పెడుతుంది. తిడుతున్న కాగితం కింద, తెలియక, ఒప్పుకుంటున్నానని.

టీచరు ఉన్నది ఉన్నట్టు చదివింది.

కుట్టుమిషనామె డైరీ వెనక్కి తీసుకుని, ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది, "ఇంట్లో శ్రద్ధ అంటే నేనేం చెయ్యాలి టీచరమ్మా? నాకు చదువొస్తే నేనెందుకు పంపిస్తాను బడికి?"

ఆ మాటకు జవాబు ఏ బడి దగ్గరా లేదు. కూడలిలో స్టూలు పట్టుకున్నప్పటి నుంచీ టీచరు లోపల కుతకుతలాడుతున్నది కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "నా కూతురు ఫస్టు వచ్చింది ఆ బడి వల్ల కాదమ్మా. రోజూ రెండున్నర గంటలు ఇంట్లో నేను చెప్తున్నాను. ఇంట్లో చెప్పే అమ్మ ఉన్న పిల్లలకే ఆ బడి. నీ కూతురికి అన్నీ బడిలోనే చెప్పాలి. మా దగ్గర అలాగే చెప్పాను."

"మరి ఈ మాట అప్పుడే చెప్పలేదేం?"

"చెప్పాల్సింది."

కుట్టుమిషనామెకు కోపం రాలేదు. వచ్చినా టీచరు తట్టుకునేది. ఆమె గుడ్డలోంచి సూది తీసి దారం చుట్టుకుంటూ, నెమ్మదిగా అంది, "పక్కింటి రొట్టెల కొట్టామె పిల్లలిద్దరికీ ఎర్రసిరానే. ఇద్దరం మురిసిపోయాం, మన పిల్లలకే రాస్తున్నారని. మేం వెనక్కి తెచ్చేస్తాం టీచరమ్మా. కానీ ఒకటి. అక్కడ నెగ్గలేక వచ్చారని వీధిలో అంటారు. మా పిల్లలే తల దించుకుని ఎందుకు రావాలి? మీ అమ్మాయి చెయ్యి పట్టుకుని మీరు రండి, మీ వెనకాల మేం వస్తాం." ఆమె తప్పుపట్టడానికి అనలేదు. బేరానికీ అనలేదు. గౌనుకు కొలత చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి వార్తలు వస్తున్నాయి. ఆయన అలవాటుగా సంతకం పెట్టి డైరీ పక్కన పడేసి ఉన్నాడు. టీచరు తీసి చూసింది. నీలం సిరాతో ‘వెరీ గుడ్’లు సోమవారం దాకా ఉన్నాయి. మంగళవారం ఏమీ లేదు. బుధవారం ఎర్రసిరా. ‘లెక్కలు చేయలేదు.’ గురువారం ఎర్రసిరా. శుక్రవారం, అంటే ఈవేళ, ‘ఇంట్లో శ్రద్ధ తీసుకోండి.’ దాని కిందే గుండ్రంగా తిరిగి, తోకలా సాగి, రెండు చుక్కలతో ఆగిన సంతకం.

ఆమె అలాగే కుర్చీలో కూర్చుండిపోయింది. ఐదు సాయంత్రాలు. ఆణిముత్యం మెరుపు ఐదు సాయంత్రాలకు కూడా ఆగలేదు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. చదువు రాని మనిషీ చదువుకున్న మనిషీ ఒకే వాక్యం కింద సంతకం పెట్టారు. చదువు రాని మనిషి ఆ వాక్యంలో ఏముందోనని రెండు చేతులతో పట్టుకొచ్చి అడిగింది. చదువుకున్న మనిషికి అడగాలని కూడా అనిపించలేదు.

పక్క మంచం మీద నుంచి అత్తగారు అంది, "బుధవారం వాడు దానికి భిన్నాలు చెప్తానని కూర్చున్నాడు. పది నిమిషాలకే అరిచాడు. అది ఏడ్చింది. ‘మీ అమ్మొచ్చాక చేసుకో’ అని లేచిపోయాడు." ఆవిడ గోడ వైపు తిరిగి, "మీ మావగారూ అంతే. వీడు పాసయితే ఆయన పోలిక, తప్పితే నా పెంపకం. అక్షరమ్ముక్క రాకపోయినా రోజూ వీడి పక్కన కూర్చున్నది నేనే," అంది. పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

శనివారం ఇద్దరికీ ఒంటిపూట బడి. వ్యాను దిగిన కూతుర్ని టీచరు తన బడికి తీసుకెళ్ళింది. ఖాళీ గదిలో బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు.

"ఇక్కడ చదువుకుంటావా?" అని అడిగింది. ఆ ప్రశ్న పిల్లను ఇంతవరకూ ఎవరూ అడగలేదని, అడిగాక గాని ఆమెకు తట్టలేదు. తననెవరూ అడగలేదని మూడేళ్ళు కుమిలింది గాని, తను మాత్రం దీన్ని అడిగిందా?

పిల్ల చాలా ఆలోచించింది. "నిన్ను టీచర్ అనాలా, అమ్మా అనాలా?"

"ఇక్కడ టీచర్. ఇంట్లో అమ్మ."

"ఇంటికొచ్చాక మళ్ళీ చెప్తావా?"

"చెప్పను. అన్నీ ఇక్కడే చెప్పేస్తాను."

"మరి సాయంత్రం మనం ఏం చేస్తాం?"

తొమ్మిదేళ్ళ కూతురితో తను ఒక్క సాయంత్రం కూడా ఊరికే గడపలేదు. ఏం చేస్తారో ఆమెకూ తెలియదు. కళ్ళు తుడుచుకుని, "ఏదో ఒకటి చేద్దాంలే," అంది.

"వస్తాను. నువ్వు చెప్తుంటావే గంట, అది కూడా వస్తే దాని పక్కన కూర్చుంటా," అంది పిల్ల.

ఆదివారం సాయంత్రం టీచరు బడి మార్పు దరఖాస్తు నింపింది. అడుగున ‘తండ్రి సంతకం’ అని అదే గడి. వార్తలు మొదలయ్యాయి. ఆయన అలవాటుగా చెయ్యి చాచాడు. డైరీలో మడిచి పెట్టి ఇస్తే చాలు. ఆ చెయ్యి తనంతట తనే గడిని వెతుక్కుని, తోకతో సహా సంతకం చేసేస్తుంది. రేపు పొద్దున్న దాకా ఆయనకు తెలియను కూడా తెలియదు. ఒక్క క్షణం ఆమెకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం.

ఆమె టీవీ కట్టేసింది. దరఖాస్తు మొదటి నుంచి చివరి దాకా పైకి చదివింది. ‘బడి మారుటకు కారణం’ అన్న చోట ‘ఇన్నాళ్ళూ చదువు చెప్పింది నేనే’ అని రాసింది. అది కూడా చదివింది. తర్వాత డైరీ తెరిచి ఎర్రసిరా పుటలు మూడూ ఆయన ముందు పెట్టింది.

ఆయన మొహం ఎర్రబడింది. ముందు సిగ్గుతో, తర్వాత కోపంతో. "ఏదో పనిలో ఉండి చూసుకోలేదు. దానికింత రాద్ధాంతమా? స్టేజీ మీద మాట్లాడినవాణ్ణి, రేపు ఆఫీసులో నా తలెక్కడ పెట్టుకోను? నీ బడి నిలబెట్టుకోవడానికి నా కూతురే దొరికిందా?"

"నా బడి నిలబడాలి. కాదనను," అంది ఆమె. "కానీ ఇది నా కూతురు కూడా. వ్యాను ఎక్కించిన రోజు మీరు నన్నడగలేదు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆయన కాగితం తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. రెండోసారి కూడా చదివాడు. "నేను పెట్టను," అని తిరిగిచ్చేశాడు. ఆ ఇంట్లో ఆయన చదివిన బడి కాగితం అదొక్కటే, సంతకం పెట్టనిదీ అదొక్కటే.

సోమవారం పొద్దున్న మాత్రలు అందిస్తుంటే అత్తగారు చెవిలో అంది, "పిచ్చిదానా, డైరీలో పెట్టిస్తే పెట్టేసేవాడు కదే!"

"అలా వద్దత్తయ్యా."

ఆవిడ మాత్ర మింగి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది. "నువ్వెళ్ళు. వాడి డబ్బా నేను సర్దుతాను."

ఆవేళే ఆఖరి రోజు. పదిగంటలకల్లా హెడ్మాస్టరు పట్టిక పంపించాలి. బడి గేటు దగ్గర గంటతో కుట్టుమిషనామె, ఇద్దరు పిల్లలతో రొట్టెల కొట్టామె నిలబడి ఉన్నారు. ముగ్గురు పిల్లల బడి మార్పు కాగితాలూ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. "అరగంటలో వస్తాను," అని వాళ్ళకు చెప్పి, టీచరు కూతురి చెయ్యి పట్టుకుని కొత్త బడికి నడిచింది. భుజాన సంచి బరువుగా ఉంది.

కొత్త బడి ఆఫీసులో ఉన్నది కూతురి క్లాసు టీచరే, పొద్దున్నపూట ఆఫీసు పని కూడా ఆ అమ్మాయే చెయ్యాలట. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ముందు నోటుపుస్తకాల గుట్ట, చేతిలో ఎర్ర పెన్ను, కళ్ళకింద నలుపు. ఒక్కో క్లాసులో నలభై ఐదు మంది. శ్రద్ధ తీసుకోమని ఇంటికి రాసి పంపడం తప్ప ఆ అమ్మాయికి మాత్రం ఇంకేం దారుంది?

దరఖాస్తు చూసి ఆ అమ్మాయి కారణం దగ్గర ఆగింది. తలెత్తి టీచరు మొహం చూసి, మళ్ళీ కాగితంలోకి చూసింది. "సార్ సంతకం లేదు మేడమ్. తండ్రి సంతకం లేనిదే మా కరస్పాండెంటు గారు ఒప్పుకోరు."

టీచరు సంచిలోంచి నాలుగు డైరీలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటో తరగతి, రెండు, మూడు, నాలుగు.

"సారుగారి సంతకాలు ఇందులో ఏడొందల దాకా ఉన్నాయమ్మా. చదివి పెట్టినది ఒక్కటి కనబడితే చెప్పు. ఈ కాగితం వెనక్కి తీసుకుంటాను."

ఆ అమ్మాయి మర్యాదకు ఒక డైరీ తెరిచింది. అది ఈ ఏటిది. పుటలు తిరిగి తిరిగి తన ఎర్ర అక్షరాల దగ్గర, వాటి కింది చుక్కల సంతకం దగ్గర ఆగాయి. ఆ అమ్మాయి దరఖాస్తును తన వైపుకు లాక్కుని, చేతిలో ఉన్న పెన్నుతోనే ‘తండ్రి’ అన్న మాటను కొట్టేసి, పైన ‘తల్లి’ అని రాసి, కాగితం ఇటు తిప్పింది.

"ఇక్కడ పెట్టండి మేడమ్. కరస్పాండెంటు గారికి నేను చెప్పుకుంటాను."

టీచరు పెన్ను తీసుకుంది. కూతురు పక్కన నిలబడి చూస్తోంది. ఆమె కాగితమంతా మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదివింది. ఆ తర్వాతే సంతకం పెట్టింది.